వానలో నిప్పు పెట్టినవాళ్ళు

కృపావతికి కోపం వస్తే గొంతు పెరగదు. చేతులు చల్లబడతాయి. ఆ ఫిబ్రవరి ఉదయం పోర్ట్ బ్లెయిర్ పోలీసు ఆఫీసులో లోకనాథం ఢిల్లీ నుంచి వచ్చిన కవరు చింపి అందరికీ వినిపించేలా చదువుతున్నప్పుడు, ఆమె చేతులు రెండూ ఐసు పెట్టెలోంచి తీసిన చేపల్లా అయిపోయాయి. బల్ల మీద వేడి సమోసాలున్నాయి. ఎవరో ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. దాని వేడి ఆమెకు తెలియలేదు.

లోకనాథం ఆ ఆఫీసులో రైటరు. కాగితమన్నది ఏదైనా అతని చేతి మీదుగానే వెళ్ళాలి. ఇంగ్లీషులో ఒక వాక్యం చదివి, దాన్ని తెలుగూ హిందీ కలిపి విడమరిచి చెబుతున్నాడు.

"ఇది మామూలు అవార్డు కాదు భయ్యా, కానూన్. పార్లమెంటు రెండు సభలూ పాసు చేసిన చట్టం. జూలైలో కర్ర ఆఫీసును అల్లరిమూక నుంచి కాపాడిన పంతొమ్మిది మంది పోలీసులకు పతకాలివ్వాలని. పేర్లన్నీ చట్టం చివర అచ్చేశారు. పదకొండో పేరు మన కృపక్కది."

"అయితే ఇకమీద దీదీతో గొడవ పెట్టుకుంటే చట్టాన్ని ధిక్కరించినట్టే," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ మల్లేశు, నోట్లో సమోసా ఉండగానే. అతని పేరు పదిహేనోది.

అందరూ నవ్వారు. లోకనాథం గొంతు సవరించుకుని కృపావతి వంతు చదివాడు. మహిళా కానిస్టేబుల్ కృపావతి పడమటి గేటు వద్ద ఒంటరిగా నిలబడి, తాళం పగలగొట్టి చొరబడిన మూకను ఎదిరించి, కప్పుకు నిప్పు పెట్టడానికి నిచ్చెన ఎక్కుతున్న దుండగుణ్ణి కిందికి లాగి, ప్రభుత్వ భవనాన్ని కాపాడారు.

"ఆ రోజు వాన కదా," అంది కృపావతి.

"ఏంటక్కా?"

"మూడు రోజులుగా ఒకటే వాన. తడిసిన రేకుల కప్పుకు నిప్పెలా పెడతారు లోకనాథం?"

లోకనాథం కాగితాన్ని మడత మీద మడత పెట్టాడు. మల్లేశు వేళ్ళు తుడుచుకున్నాడు.

"ఛోడో దీదీ," అన్నాడు. "సమోసా చల్లారిపోతోంది."

కృపావతి తాత కలప కొట్టే కూలీగా భీమిలి తీరం నుంచి ఓడెక్కి ఈ ద్వీపాలకు వచ్చాడు. తండ్రి రంపపు మిల్లులో దుంగలు దొర్లించాడు. ఆమె ఇక్కడే డిగ్నాబాద్‌లో పుట్టింది. ఏ మలుపు తిరిగినా సముద్రమే ఎదురొచ్చే ఊళ్ళో పుట్టినవాళ్ళకు నేల మీద ఒక తీరని బెంగ ఉంటుంది. ఇది నాదేనా, నన్నిక్కడ ఉండనిస్తారా అని. ఆ బెంగ ఆమెకు తాత నుంచి వచ్చింది, ఆయన పొడవాటి వేళ్ళతో పాటు.

ఇరవై మూడో ఏట పోలీసుల్లో చేరింది. ఇరవై ఒక్క ఏళ్ళలో ఆమె లాఠీ ఎత్తిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఫీనిక్స్ బే జెట్టీలో ఫెర్రీ టికెట్ల వరుస గొడవగా మారినప్పుడల్లా ఆమెనే పంపేవాళ్ళు. ఆమె వరుస మధ్యలోకి వెళ్ళి అరవకుండా, ఒక్కొక్కరినీ ఏ ద్వీపానికి వెళ్ళాలి, ఎవరింటికి, ఎందుకు అని అడిగేది. జవాబు చెప్పేలోగా మనిషి చల్లారిపోయేవాడు. ఆదివారం డాలీగంజ్‌లోని తెలుగు చర్చిలో ఆమే కీర్తనలు మొదలుపెట్టేది. తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం రాని పిల్లల కోసం వాక్యం నెమ్మదిగా, విరిచి విరిచి చదివేది. వాళ్ళ దృష్టిలో ఆమె పోలీసు కాదు, అక్షరం తెలిసిన అక్క.

కర్ర ఆఫీసంటే కొండ ఎక్కే దారిలో తెల్లవాళ్ళు పడాక్ అనే ఎర్ర కలపతో కట్టిన పాత ప్రభుత్వ భవనం. స్తంభాల మీద నిలబడి ఉంటుంది. ఎండ పడితే గోడలు ఎర్రగా వెలుగుతాయి, వాన పడితే లోపలి నుంచి అడవి వాసన వస్తుంది. దాని అసలు పేరు గోడకున్న బోర్డుకే తెలుసు. తెలుగువాళ్ళందరూ కర్ర ఆఫీసనే అంటారు.

పోయిన వేసవిలో ఐలాండర్ కార్డుల తనిఖీ మొదలైంది. ద్వీపాల్లో స్థిరపడినవాళ్ళని చెప్పే కార్డు అది. ఓడ టికెట్టు దగ్గర్నుంచి పిల్లల కాలేజీ సీటు దాకా దానితోనే పని. మీ కుటుంబం ఎప్పుడు వచ్చిందో రుజువు చూపండి, కర్ర ఆఫీసులో ఇవ్వండి అని నోటీసు అంటించారు. రుజువంటే ఏముంటుంది? తాత దిగిన ఓడ టికెట్టు ముక్క. మేస్త్రీ రాసిచ్చిన కూలి చీటీ. వేలిముద్ర ఉన్న రేషను కాగితం. జిరాక్సు చాలు అని కౌంటరులో గుమాస్తా చెబుతూనే ఉన్నాడు. మనవాళ్ళు వినలేదు. నకలు ఇస్తే మనసులో ఏదో దాచుకున్నారని అనుకుంటారేమోనని భయం. సర్కారుకు నకలిస్తే సర్కారు నకలు న్యాయమే చేస్తుందని ఒక ముసలామె కౌంటరు ముందు కూర్చుని మరీ అంది. అలా వందల ఇళ్ళవాళ్ళు అసలు కాగితాలే ఇచ్చి, అట్టల మీద పేర్లు రాయించి, దండం పెట్టి వెళ్ళిపోయారు. కృపావతి కూడా తాత కూలి చీటీ ఇచ్చింది. ఆమె భర్త దేవకుమార్ వాళ్ళ నాన్న ఓడ టికెట్టు ఇచ్చాడు.

జూలైలో వాన పట్టుకుంది. మూడో రోజు ఉదయం కర్ర ఆఫీసు ప్యూను జెట్టీ దగ్గర టీ తాగుతూ, కాగితాల గదిలో కప్పు కారుతోందని, బీరువాల మీద బక్కెట్లు పెట్టామని, బక్కెట్లు చాలటం లేదని అన్నాడు. సోమవారం మనుషుల్ని పిలిపించి చూపిస్తారట అన్నాడు. అది గురువారం.

సోమవారం దాకా ఆగడానికి అవి ఆఫీసు కాగితాలు కావు. తాతల ముఖాలు. టీ కొట్టు నుంచి ఆ మాట టికెట్ల వరుసలోకి, వరుస నుంచి బోట్ల మీదికి, బోట్ల నుంచి ఇళ్ళలోకి వెళ్ళింది. పది గంటలకల్లా రెండు మూడు వందల మంది కొండ ఎక్కుతున్నారు. బోట్లలో సరుకు మీద కప్పే నీలం టార్పాలిన్లు, వెదురు గెడలు, తాళ్ళు, బక్కెట్లు, ఒక నిచ్చెన. ఆ వానలో నీలం పట్టాలు నెత్తిన పరుచుకుని జనం కదులుతుంటే సముద్రంలో ఒక ముక్క లేచి కొండ ఎక్కుతున్నట్టు ఉందని ఆ తర్వాత చాలామంది చెప్పారు.

ముందు గేటు దగ్గరున్న ఇన్‌స్పెక్టరు అప్పటికి ఆరు నెలల ముందే బదిలీ మీద వచ్చినవాడు. ఆయనకు వెదురు గెడలే కనిపించాయి. మీ కప్పు మేమే కప్పుకుంటాం సాబ్, అరగంట చాలు అని ముందున్నవాళ్ళు హిందీలో చెప్పారు. ఆయన వెనక్కి వెళ్ళమన్నాడు. వెనకున్నవాళ్ళకు ఆ మాట వినపడలేదు. లాఠీలు లేచాయి.

కృపావతి పడమటి గేటు దగ్గర ఒక్కతే ఉంది. ఆ గేటు బయట నేల జారుడుగా ఉంటుంది, కింద లోతైన కాలువ. ముందు గేటు నుంచి తరిమిన జనం అటు విరుచుకుపడ్డారు. ఆడవాళ్ళు ఊచలకు అదుముకుపోతున్నారు. వాళ్ళలో చర్చిలో తన పక్కన పాడే ముఖాలున్నాయి, రేషను వరుసలో తనను పలకరించే ముఖాలున్నాయి. ఒకామె నోరు తెరిచి ఉంది గానీ అరుపు రావటం లేదు.

తాళంచెవి కృపావతి నడుముకే ఉంది. తీసి తాళం తెరిచింది.

నలభై మంది లోపలికొచ్చారు. వచ్చి ఏం చేశారు? వరండాలో గోడకు ఆనుకుని, చేతులు నెత్తిన పెట్టుకుని నిలబడ్డారు. దెబ్బ తిన్న ముసలాయన ఒకడు చెప్పులు గుమ్మం బయటే విడిచాడు. ప్రభుత్వ భవనం మీద దాడి అంటే అదీ.

బోటు ఖలాసీ నూకన్న మాత్రం నిలబడలేదు. పదిహేనేళ్ళుగా అలల మీద ఊగే బోట్లలో సరుకుకు పట్టా బిగించినవాడు. భుజాన టార్పాలిన్ వేసుకుని నిచ్చెనను కప్పుకు ఆనించాడు.

"దీదీ, నేల జారతంది. నిచ్చెన పట్టుకోవా," అన్నాడు.

కృపావతి రెండు చేతులతో నిచ్చెన రెండు గెడలూ పట్టుకుంది. కింది మెట్టు మీద బూటు కాలు ఆనించి బరువంతా వేసింది. నూకన్న ఎక్కాడు. అతని వెనక ముగ్గురు ఎక్కారు. ఇరవై నిమిషాల్లో కాగితాల గది మీద నీలం పట్టా పరుచుకుంది. నాలుగు మూలలా ఖలాసీ ముడులు పడ్డాయి. లోపల బక్కెట్లలో చప్పుడు ఆగింది.

దిగుతుండగా పట్టుకున్నారు. మొత్తం ఏడుగుర్ని తీసుకెళ్ళారు. నూకన్న చేతులు వెనక్కి విరిచి కడుతుంటే అతను కృపావతి వైపు తిరిగి, "లోపల సూడు దీదీ, ఇంకా కారతందేమో," అన్నాడు.

ఆ సాయంత్రం ఆమె డ్యూటీ డైరీలో జరిగింది జరిగినట్టు రాసింది. తాళం నేనే తీశాను. నిచ్చెన నేనే పట్టుకున్నాను. మర్నాడు ఇన్‌స్పెక్టరు పిలిచాడు. ఆయన బల్ల మీద ఒక పేపరు ఉంది. రోడ్డు మీద నుంచి ఎవరో తీసిన ఫొటో మొదటి పేజీలో వేశారు. కప్పు అంచున నూకన్న, కింద నిచ్చెన దగ్గర కృపావతి, ఇద్దరి మధ్యా వాన. మూకను కిందికి లాగుతున్న ధీరవనిత అని దాని కింద రాశారు.

"చూడు," అన్నాడాయన హిందీలో, నెమ్మదిగా, తండ్రిలా. "ఊరంతా నిన్ను ఇలా చూసింది. నువ్వు డైరీలో ఇంకోలా రాశావు. నీ చేత్తో తాళం తీశావని తెలిస్తే ఉద్యోగం ఉండదు, కేసు కూడా అవుతుంది. ఆ పేజీ తీసేశాను. ఇదిగో కొత్త పేజీ. నేను చెబుతాను, రాయి."

ఆమె రాసింది. ఇది చెప్పకుండా ఆమె కథ చెబితే అదీ ఆ పతకం లాంటిదే అవుతుంది. ఆమె తన దస్తూరీతో, విడి విడి అక్షరాలతో రాసి సంతకం పెట్టింది. ఇంటికెళ్ళి రెండు రోజులు జ్వరమని పడుకుంది.

ఆ ఫొటో పెరుగుతూ పోయింది. టీవీల్లో వచ్చింది. ఢిల్లీలో సభలు జరుగుతున్న రోజుల్లో ఎవరో లేచి, దేశం చివరి అంచున ఒక అబల ప్రభుత్వాన్ని కాపాడిందని కన్నీళ్ళు పెట్టుకున్నారు. బిల్లు పెట్టారు. ఒకే మధ్యాహ్నం రెండు సభలూ దాటింది. వద్దన్నవాళ్ళు లేరు. పోలీసులకు పతకాలంటే ఎవరు వద్దంటారు? బల్లలు చరిచారు. ఆ రోజు పోర్ట్ బ్లెయిర్‌లో వాన పడిందా అని అడగడానికి ఒక్క నోరూ తెరుచుకోలేదు. అలా అబద్ధం ఒకటి పేపరులో పుట్టి, డైరీలోకి పాకి, చట్టంలోకి ఎక్కి కూర్చుంది.

నూకన్న ఏడు నెలలుగా జైల్లో ఉన్నాడు. ప్రభుత్వ భవనానికి నిప్పు పెట్టబోయాడని కేసు. బెయిలు రెండుసార్లు కొట్టేశారు. మూడోసారి విచారణ వచ్చే బుధవారం. పతకాల పరేడు ఆ తర్వాతి శుక్రవారం.

కవరు వచ్చిన రోజే మధ్యాహ్నం ఆమెకు జెట్టీ డ్యూటీ. రోడ్డు పక్కన నూకన్న భార్య గవరమ్మ చేపల తట్ట ముందు కూర్చుని ఉంది. మొగుడు లోపలికెళ్ళాక ఆ తట్ట ఎత్తుకుంది. లాఠీ తగిలిన భుజం ఇంకా పైకి లేవదు. ఒంటి చేత్తోనే చేప తిప్పి, ఒంటి చేత్తోనే తోక కొడుతుంది.

"రండి మేడమ్, రండి," అంది గవరమ్మ, తల ఎత్తకుండానే. "పతకం ఒచ్చీసిందంట గదా. పండగ సేసుకోడానికి ఏటి కావాల? సుర్మయి సేప తాజాగుంది."

"గవరమ్మా, నా మాట..."

"మీరేటీ సెప్పక్కర్లేదు. బొమ్మ సూసినాం గదా. మావోడి కాళ్ళ కింద నీ సేతులు. నానైతే ఆ పేపరు ముక్కని సేపలకి సుట్టీసినాను." కత్తి ఆగింది. "పోయిన వారం జైలు ములాకత్‌లో ఆడేటన్నాడో తెలుసా? 'దీదీ నన్ను లాగలేదే, దీదీ పట్టుకుంది, అందుకే నాను పడలేదు, ఏదో ఒకనాడు ఒచ్చి సెప్తాది' అన్నాడు. ఏడు నెల్లు ఎలిపోనాయి. ఆడికింకా నమ్మకం. పిచ్చోడు."

కృపావతి తట్ట ముందే నిలబడిపోయింది.

"పక్కకి జరగండి మేడమ్. బేరం ఆగిపోతంది. మీ డ్రస్సు సూసి జనం రావట్లేదు."

ఆ సాయంత్రం పొద్దు ఉండగానే ఇల్లు చేరింది. దేవకుమార్ ఫెర్రీ ఇంజను గదిలో పనిచేస్తాడు. అతని మాటలకు కూడా నూనె వేసినట్టు ఉంటుంది, ఎక్కడా రాసుకోవు. ఆమె చెప్పిందంతా విన్నాడు.

"పతకం తీసుకుంటున్నానని సంతకం పెట్టీ కృపా," అన్నాడు. "చట్టమే అయిపోయాక ఇంక మనం ఏం చేస్తాం? ఉద్యోగం పోతే ఈ క్వార్టరు పోతుంది. మన పిల్ల ఎలీనాకి కాలేజీలో ఆఖరి సంవత్సరం. నువ్వు కోర్టుకెళ్ళి, ఆ డైరీ నేనే అబద్ధం రాశానంటే నిన్ను కూడా లోపలేస్తారు. నూకన్న కోసం ప్రార్థన చేద్దాం. చేస్తూనే ఉన్నాం కదా."

"చేస్తూనే ఉన్నాం," అంది కృపావతి. "ఏడు నెలలుగా ప్రతి ఆదివారం, అన్యాయంగా చెరలో ఉన్నవాళ్ళ కోసం అని నేనే పాడిస్తున్నాను. నా నోటితోనే."

ఆమె లేచి బైబిలు తెచ్చింది. కీర్తనల మధ్య నుంచి ఒక పాత కాగితం తీసి అతని కంచం పక్కన పెట్టింది. అది అతని తండ్రి ఓడ టికెట్టు. తనిఖీ అయ్యాక నవంబరులో కర్ర ఆఫీసువాళ్ళు తిరిగిచ్చారు. పసుపు రంగు, అంచు చిరుగు, ఓడ పేరు మీద వంకాయరంగు ముద్ర.

"ముట్టుకోండి."

"ఎందుకే?"

"ముట్టుకుని చూడండి. ఎక్కడైనా తడి మరక ఉందా? సిరా అలుక్కుందా? మూడు రోజుల వాన కింద ఉన్న కాగితం ఇది. మీ నాన్న ఇంత పొడిగా ఎలా ఉన్నాడో చెప్పండి."

దేవకుమార్ వేలు కాగితం మీదే పెట్టి చాలాసేపు కూర్చున్నాడు. అన్నం చల్లారింది.

"ఎలీనాకి నేను చెబుతాలే," అన్నాడు చివరికి. "నువ్వు చెబితే ఏడుస్తావు."

"నేను ఏడవను," అంది కృపావతి. నిజమే. ఏడుపు వచ్చే చోటంతా కోపం కూర్చుని ఉంది.

సోమవారం ఇన్‌స్పెక్టరు గదిలో అంగీకార పత్రం ఆమె ముందు పెట్టారు. పతకం తీసుకునే ప్రతి ఒక్కరూ సంతకం చేయాలి. పైన వివరించిన సంఘటన నాకు తెలిసినంతవరకు యథార్థమని ధ్రువీకరిస్తున్నాను అని చివర ఒక వరుస ఉంది. మిగిలిన పద్దెనిమిది మంది చేసేశారు. లోకనాథం ఫైలు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఈ కాగితం ఎల్లుండి కోర్టుకు వెళ్తుందా సాబ్?"

"వెళ్తుంది. బుధవారం బెయిలు మీద మన వకీలు చూపిస్తారు. అయితే?"

"అయితే రెండు మాటలు కొట్టేయండి. తాళం పగలగొట్టడం ఒకటి. నిప్పు ఒకటి."

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. కోపం లేదు ఆయనకు. అదే ఆమెను ఎక్కువ మండించింది.

"ఇందులో ఒక్క అక్షరం మార్చడానికి నీకూ అధికారం లేదు, నాకూ లేదు. ఇది పార్లమెంటు మాట."

"పార్లమెంటు ఆ రోజు పడమటి గేటు దగ్గర లేదు సాబ్. నేనున్నాను."

"నీ డైరీ కూడా ఉంది. నీ చేతి రాత."

"అదీ చెబుతాను. ఎవరు చెబితే రాశానో అది కూడా."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. కాసేపు ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "ఎవరి కోసం ఇదంతా? ఒక ఖలాసీ కోసమా? నీకు చుట్టమా?"

"వాడు కాపాడాడు సాబ్ మీ భవనాన్ని. మనం గేటు దగ్గర నిలబడి, కాపాడడానికి వచ్చినవాళ్ళను కొట్టాం. ఇరవై ఒక్క ఏళ్ళు ఈ బట్టలు వేసుకున్నాను. దొంగను పట్టుకుని వదిలేసినవాళ్ళను చూశాను. కప్పు కప్పినవాణ్ణి కట్టేసి, ఆ కప్పు కిందే కూర్చుని, మాకు పతకాలివ్వమని అడిగినవాళ్ళను ఇప్పుడే చూస్తున్నాను. వాళ్ళలో నేనూ ఉన్నాను, అదే నాకు ఒళ్ళు మండుతోంది."

గొంతు పెరగలేదు. సంతకం చేయాల్సిన చోట ఒక అడ్డగీత గీసి, కలం మూత పెట్టి, బయటికొచ్చింది.

లోకనాథం మెట్ల దాకా వెంట వచ్చాడు. "అక్కా, నువ్వు పోతావు," అన్నాడు మెల్లగా. "చట్టంలో ఎక్కిన మాటకు కోర్టులో ఎదురు చెప్పినవాళ్ళను నేనింతవరకు చూడలేదు."

"బుధవారం రా, చూద్దువు."

అతను రాలేదు. తర్వాత సెలవు పెట్టానన్నాడు.

బుధవారం కోర్టులో నూకన్న తరఫు వకీలు, ముందురోజు ఆమె రాసిచ్చిన ప్రమాణపత్రం జడ్జికి ఇచ్చినప్పుడు అవతలి వకీలు లేచి, ఈమె తన పతకాన్నే కాదంటున్న మతిలేని సాక్షి అన్నాడు. జడ్జి నడివయసు మనిషి. కళ్ళజోడు పైకి తోసి ఆమెను ముందుకు పిలిచాడు.

"మీ డైరీలో ఒకటి ఉంది. చట్టంలో కూడా అదే ఉంది. ఇప్పుడు ఇంకోటి చెబుతున్నారు. ఈ రెండింటిలో దేన్ని నమ్మాలి?"

"నన్ను నమ్మక్కర్లేదు సార్. ఆ ఫొటో చూడండి."

ఫొటో ఫైలులోనే ఉంది, ప్రాసిక్యూషన్ పెట్టినదే. జడ్జి తీశాడు.

"నా చేతులు ఎక్కడున్నాయి సార్? నిచ్చెన గెడల మీద ఉన్నాయి. మనిషి మీద లేవు. లాగేవాళ్ళు మనిషిని పట్టుకుంటారు. నా కుడి కాలు చూడండి, కింది మెట్టు మీద ఉంది. నిచ్చెన జారకుండా అలా తొక్కిపడతారు. మా నాన్న మిల్లులో అలాగే పట్టేవాడు, నాకు నేర్పింది ఆయనే. దించాలనుకున్నదాన్నయితే కాలెందుకు పెడతాను? అతని భుజం మీద చూడండి, అది టార్పాలిన్. అగ్గిపుల్ల కనిపిస్తే నాకు చూపించండి."

జడ్జి ఫొటోను కళ్ళకు దగ్గరగా తెచ్చుకున్నాడు. దూరం పెట్టాడు. మళ్ళీ దగ్గరగా తెచ్చుకున్నాడు. దేశమంతా చూసిన ఫొటో అది. ఒక్క మనిషి దాన్ని మొదటిసారి చూస్తున్నాడు.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అని అడిగాడు.

"భయం సార్," అంది. ఇంకేమైనా చెప్పవచ్చు. చెప్పలేదు.

సాయంత్రానికి బెయిలు వచ్చింది. సాయంత్రానికే ఆమెకు సస్పెన్షన్ కాగితం కూడా వచ్చింది. డైరీలో తప్పుడు రాత రాసినందుకు విచారణ అన్నారు. ఎవరు రాయించారన్నది ఆ కాగితంలో లేదు. శుక్రవారం పరేడు గ్రౌండులో బ్యాండు వాయించారు. పద్దెనిమిది మంది ఛాతీలు ముందుకు పెట్టి నిలబడ్డారు. పదకొండో పేరు దగ్గర చదివేవాడు ఆగకుండా పన్నెండుకు వెళ్ళిపోయాడు. చట్టంలో మాత్రం ఆ పేరు అలాగే ఉంది. దాన్ని తీయాలంటే రెండు సభలూ మళ్ళీ చేతులెత్తాలి.

జామీను కాగితాలు తేలేసరికి శనివారం అయింది. కృపావతి మామూలు నూలు చీర కట్టుకుని జైలు గేటు బయట నిలబడింది. గవరమ్మ ఆమెను చూసి, ముఖం తిప్పుకోలేదు గానీ పలకరించనూ లేదు. ఇద్దరూ రెండు చెట్ల కింద నిలబడ్డారు.

నూకన్న బయటికొచ్చాడు. మనిషి సగమయ్యాడు. ఎండకు కళ్ళు చికిలించి, భార్య భుజం వంక చూశాడు. తర్వాత కృపావతి వంక.

"ఏడు నెల్లు దీదీ," అన్నాడు.

"అవును."

"మా అమ్మ పోయింది ఈలోగా. తలకొరివి మా చిన్నోడు పెట్టాడు. నాకు గంట కూడా సెలవియ్యలేదు. నిప్పెట్టీవోడికి సెలవేటి అన్నారు."

కృపావతికి ఆ సంగతి తెలియదు. జెట్టీలో గవరమ్మ అది చెప్పలేదు. ఆమె ఏదో అనబోయింది. క్షమించమని అనబోయిందేమో. నూకన్న చేయి అడ్డం పెట్టాడు.

"ఒద్దు. అది నానిప్పుడు ఇనలేను. ఎప్పుడింతానో తెల్దు." కాసేపు ఊపిరి పీల్చుకున్నాడు. "లోపల ఇంకా ఆరుగురున్నారు. నాతో పట్టా కట్టినోళ్ళు ముగ్గురు. మిగతా ముగ్గురూ ఒట్టి వరండాలో నిలబడినోళ్ళు. ఆళ్ళకి వకీలు కూడా లేడు. నువ్వు నాకొక్కడికే సాక్షివా, అందరికా?"

"అందరికీ."

"మరి రాసుకో."

ఆమె సంచిలోంచి పాత నోటు పుస్తకం తీసింది. కలం తీసింది. చేతులు చల్లగానే ఉన్నాయి, రాత మాత్రం తిన్నగానే వచ్చింది. గవరమ్మ దగ్గరకు వచ్చి, పుస్తకంలోకి తొంగి చూసి, పక్కన నిలబడింది. మొదటి పేరు నూకన్న చెప్పాడు.

"తండ్రి పేరు?" అంది కృపావతి.